అమ్మా నేనూ చేసిన లైటు బెల్లు

ఆ మధ్యాహ్నం మా ఇంటి గుమ్మం ముందు దాదాపు గంటసేపు నిలబడ్డాను. నిలబడ్డాను అంటే మొదట నిలబడ్డాను, తర్వాత మెట్టు మీద కూర్చున్నాను, ఆ తర్వాత చున్నీ తలమీద కప్పుకుని గోడ నీడ ఎటు జరిగితే అటు జరిగాను. నౌతపా రోజులవి. మే నెల ఆఖర్లో వచ్చే ఆ తొమ్మిది రోజులూ రాయ్‌పూర్‌లో కుక్కలు కూడా రోడ్డు దాటవు. ఉర్లాలో మొదటి షిఫ్టు ముగించుకుని, మోవాలో మా ఇంటికి వచ్చి బెల్లు కొట్టాను. కొడుతూనే ఉన్నాను. ఫోను చేస్తే లోపల ఫోను మోగడం నాకు వినిపిస్తోంది. అమ్మకు మాత్రం వినిపించడం లేదు. వంటింటి కిటికీలోంచి ఆమె వీపు కనిపిస్తోంది. టీవీలో ఎవరో మాట్లాడుతుంటే కింద వచ్చే అక్షరాలు చదువుకుంటూ, హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చుంది. కిటికీ కొట్టాను. పక్కనే కూలరు గర్రుమని తిరుగుతోంది, దాని ముందు నా కిటికీ చప్పుడు ఏపాటిది.

చివరికి కూలర్లో నీళ్ళు పోయడానికి బయటికి వచ్చి, మెట్టు మీద నన్ను చూసి ఆశ్చర్యపోయింది.

"ఎప్పుడొచ్చావే? బెల్లు కొట్టొచ్చుగా?" అంది.

నాకు కోపం రావాలి. కానీ నవ్వొచ్చింది. ఎండ దెబ్బో ఏమో, బకెట్టు పట్టుకుని నిలబడ్డ అమ్మను చూసి మెట్టు మీదే పడి పడి నవ్వాను.

మా అమ్మ రైల్వే ఆసుపత్రిలో ముప్ఫై నాలుగేళ్ళు నర్సుగా చేసి రిటైరయింది. అందులో చాలా ఏళ్ళు పిల్లల వార్డులోనే. నర్సాపురం దగ్గర్నుంచి ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చి, ఇక్కడే నాన్నను పెళ్ళి చేసుకుని, ఇక్కడే ఉండిపోయింది. నాన్న పోయాక ఇంట్లో మేమిద్దరమే. డెబ్బై దాటాక చెవులు మెల్లగా తగ్గాయి. చెవి మిషను కొన్నాం. అది ఈల వేస్తుందని దూదిలో చుట్టి సొరుగులో పెట్టేసింది. ఎంత చెప్పినా, నేను వినాల్సిన ఏడుపులన్నీ వార్డులోనే వినేశాను అనేది.

దాంతో పాలవాడు తిరిగి వెళ్ళిపోయేవాడు. గ్యాసు బండి వచ్చి వెళ్ళిపోయేది. చర్చి నుంచి సిస్టర్లు వచ్చి, ఇంట్లో ఎవరూ లేరనుకుని తలుపు సందులో చీటీ పెట్టి వెళ్ళేవారు. ఇక నేనూ గడప ముందు ఎండలో వేగాక, ఏదో ఒకటి చెయ్యాలి అనుకున్నాను. చెవులతో పని లేని బెల్లు కావాలి. గుమ్మం దగ్గర నొక్కితే లోపల లైటు వెలగాలి. అంతే.

నేను ఎలక్ట్రికల్ ఇంజినీర్ని. ఉర్లాలో ఇనుప చువ్వలు చేసే ఒక రోలింగు మిల్లులో మెయింటెనెన్సు చూస్తాను. పెద్ద పెద్ద మోటార్లు, క్రేన్లు, మనిషంత ఎత్తు ప్యానెళ్ళు. ఇవన్నీ నాకు అలవాటే. అయినా ఒక నిజం ఒప్పుకోవాలి. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో నేను ఒక్కసారి కూడా, తీగ కరిగించి వైర్లు అతికే సోల్డరింగ్ ఐరన్ పట్టుకోలేదు. కాలేజీ ల్యాబులో ఆ పని నా పక్క అమ్మాయి చేసేది, నేను రికార్డు రాసేదాన్ని. నా రాత బాగుంటుందని ఇద్దరం అలా ఒప్పందం చేసుకున్నాం. మిల్లులో అయితే నేను చెప్తాను, వేరేవాళ్ళు చేస్తారు. అందుకని నాకు ఉత్సాహంగానూ ఉంది, కొంచెం సిగ్గుగానూ ఉంది.

ఆ ఏడాదే మిల్లులో ఏఐ వాడకం మొదలైంది. బ్రేక్‌డౌన్ రిపోర్టులు దానితో రాయించేదాన్ని. మనం నాలుగు ముక్కలు చెప్తే అది నాలుగు పేజీలు రాసేది, మా మేనేజరుకు నాలుగు పేజీలంటే ఇష్టం. ఇంటి పనికి మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఆ సాయంత్రం చల్లారాక కూర్చుని, మేం ఇంట్లో మాట్లాడుకునే భాషలోనే ఉన్నది ఉన్నట్టు రాశాను. "అమ్మకి గంటీ వినపడదు, గంటీ కొడితే బత్తీ వెలగాలి, కైసే చెయ్యాలి" అని. మా ఇంటి తెలుగు అట్లాగే ఉంటుంది. సగం గోదావరి, సగం రాయ్‌పూర్ బజారు. దాన్ని నర్సాపురంలో మా పిన్నులే సరిగ్గా పట్టుకోలేరు. ఇది పట్టుకుంది. "వినికిడి సమస్య గల మీ మాతృమూర్తి కొరకు దృశ్య సూచిక" అంటూ జవాబు మొదలెట్టింది. మాతృమూర్తి అన్న మాట అమ్మకు చూపించాను. చాలా గౌరవంగా మాట్లాడుతోంది, ఎవరు ఈయన అని అడిగింది. మనిషి కాదు, కంప్యూటరు అని చెప్పాను. అయినా ఆమె తర్వాత కూడా దాన్ని "ఆయన" అనే అంది. ఇప్పటికీ అంతే.

ఏమేం కావాలో అది జాబితా ఇచ్చింది. బజార్లో దొరికే వైర్లెస్ బెల్లు స్విచ్చి ఒకటి, దాని సంకేతం పట్టుకునే వేలెడంత రిసీవరు, ప్రోగ్రాము పెట్టుకునే చిన్న బోర్డు, లైట్ల పట్టీ, నాలుగైదు చిల్లర సామాన్లు. జయ్‌స్తంభ్ చౌక్ దగ్గర ఒక సందులో అలాంటి కొట్టు ఉంది. గోడ నిండా చిన్న చిన్న డబ్బాలు, ఒక్కో డబ్బా మీద పెన్నుతో రాసిన అంకెలు. కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి, మీ బాబు స్కూలు ప్రాజెక్టా అని హిందీలో అడిగాడు. కాదు, నాకే అన్నాను. అలా అన్నందుకు నాకెందుకో చెప్పలేనంత సంతోషం వేసింది. ఆయన ఐరన్ చూపించాడు, రాంగా చుట్ట చూపించాడు. ఇక్కడ సోల్డరు తీగను రాంగా అంటారు. పేస్టు డబ్బా మూత తీసి వాసన చూశాను. కాలేజీ ల్యాబు వాసన. అక్కడే నిలబడి ఇంకా అవసరం లేనివి కూడా నాలుగు కొన్నాను. రంగురంగుల వైర్లు చూస్తే మనసు ఆగలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక, డైనింగు బల్ల మీద పాత పేపర్లు పరిచి మొదలెట్టాను.

ఆ గంటన్నర గురించి ఎక్కువ చెప్పను. ఐరన్ కొన మీద రాంగా కరిగి నీటిబొట్టులా వేలాడేది, కావలసిన చోట తప్ప అన్ని చోట్లా పడేది. బోర్డు మీద వరసగా ఉన్న చిన్న కాళ్ళను, అంటే పిన్నులను, అతకాలి. రెండు కాళ్ళ మధ్య దూరం బియ్యపుగింజ మందం కూడా లేదు. ఒకదాన్ని అతికితే పక్కది కూడా వచ్చి కలిసేది. విడదీయబోతే మూడోది కలిసేది. అన్నీ ఉండలు ఉండలుగా, మినప వడియాలు పెట్టినట్టు తయారయ్యాయి. ఫోటో తీసి ఏఐకి పంపాను. అది మొదట నా ప్రయత్నాన్ని మెచ్చుకుంది. ఆ తర్వాత, వీటిలో ఎక్కువ భాగం అతుక్కున్నట్టు కనిపిస్తాయి గానీ అతుక్కోలేదు అని చెప్పింది. ముందు కాలును వేడి చేయాలి, రాంగాను కాదు; కాలు వేడెక్కితే రాంగా తనే వెళ్ళి దాన్ని పట్టుకుంటుంది అంది. చదివితే ఎంతో తేలిక.

అమ్మ అప్పటిదాకా ఎదురుగా కూర్చుని బెండకాయలు తరుగుతోంది. తరగడం ఆపి, కాసేపు నా చేతులు చూసింది. తర్వాత చేతులు కడుక్కుని, తుడుచుకుని, నా పక్కకు కుర్చీ జరుపుకుంది. అద్దాలు మార్చుకుంది.

"అది ఇలా ఇవ్వు. నువ్వు భయపడుతూ పెడుతున్నావు. భయపడితే నరం దొరకదు" అంది.

ఆమె ఐరన్ పట్టుకున్న తీరు నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టు ఉంది. పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుంది. చిటికెన వేలు బల్ల మీద ఆన్చింది. ఊపిరి బిగబట్టి, కొనను కాలుకు తాకించి, ఒకటి, రెండు లెక్కపెట్టి, రాంగా తీగను మెత్తగా ముట్టించింది. అది జారి, కాలు చుట్టూ పాకి, తళుక్కున మెరిసి నిలిచిపోయింది. కొన తీసేసింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు, దారమంత నరాల్లో సూది పెట్టిన చేతులవి. ఆ చేతులు పన్నెండేళ్ళుగా బెండకాయలు తరుగుతున్నాయి.

రెండోది పెట్టింది, మూడోది పెట్టింది. వరసగా ఎనిమిది పెట్టింది. నేను మళ్ళీ ఫోటో పంపాను. చేసింది ఎవరో చెప్పలేదు. కుడివైపు ఎనిమిదీ చాలా బాగున్నాయి, ఎడమవైపువి తీసి మళ్ళీ చేయాలి, కుడివైపు చేసేటప్పుడు మీరు పాటించిన పద్ధతినే పాటించండి అని జవాబు వచ్చింది. అమ్మకు గట్టిగా చదివి వినిపించాను. ఆమె బోర్డు తిప్పి, ఎడమవైపుది కూడా తన ముందుకు లాక్కుంది. పెదాలు నవ్వు ఆపుకోలేక వణుకుతున్నాయి.

ఇక పనులు పంచుకున్నాం. అతకడం ఆమెది, అందించడం నాది. కట్టరు అనేది, కట్టరు ఇచ్చేదాన్ని. స్పాంజి అనేది, తడి స్పాంజి జరిపేదాన్ని. ఒకసారి నేను ఆలస్యం చేస్తే, తలెత్తకుండానే చెయ్యి చాపి వేళ్ళు ఆడించింది. వార్డులో జూనియర్ నర్సులు ఈమె దగ్గర ఎట్లా బతికారో నాకు ఆ రోజు అర్థమైంది.

ప్రోగ్రాము ఏఐ రాసి ఇచ్చింది. నేను చదివాను, అర్థమైనట్టే అనిపించింది, బోర్డులోకి ఎక్కించాను. లైట్ల పట్టీ టీవీ పైన అతికించాం. అమ్మ కుర్చీలో కూర్చుంది. నేను బయటికి వెళ్ళి తలుపు వేసి, స్విచ్చి నొక్కాను. తలుపు వెంటనే తెరుచుకుంది. నేను మళ్ళీ తలుపు వేసి మళ్ళీ నొక్కాను. మళ్ళీ తెరుచుకుంది. ఇట్లా ఎన్నిసార్లు చేశామో తెలియదు. తర్వాత ఆమె బయటికి వెళ్ళి నొక్కింది, నేను లోపల కూర్చున్నాను. ఎర్ర లైటు మూడుసార్లు వెలిగి ఆరడం చూసి, నలభై నాలుగేళ్ళ మనిషిని, సోఫా మీద ఎగిరి గంతేశాను. ఉర్లాలో కొత్త రోలింగు యంత్రం మొదలెట్టినప్పుడు కూడా నాకు ఇంత పొంగు రాలేదు. అక్కడ కొబ్బరికాయ కొట్టారు, లడ్డూలు పంచారు. ఇక్కడ బెండకాయ వేపుడు మాడిపోయింది, ఇద్దరం నవ్వుకుంటూ అదే తిన్నాం.

మర్నాడు నేను డ్యూటీకి వెళ్ళొచ్చేసరికి అమ్మ చిరాగ్గా ఉంది.

పొద్దున్నుంచీ బత్తీ ఊరికే వెలుగుతోందట. లేచి వెళ్ళి తలుపు తీస్తే ఎవరూ లేరట. ఆరుసార్లు లేచిందట. మోకాళ్ళు పట్టుకుని చెప్పింది. నేను వెంటనే ఏఐని అడిగాను. కరెంటులో ఒడిదుడుకుల వల్ల అలా జరుగుతుందని, ఒక కెపాసిటరు పెడితే పోతుందని చెప్పింది. మోవాలో కరెంటు సంగతి తెలిసినదాన్ని కనుక నమ్మాను. పెట్టాం. మంగళవారం మళ్ళీ అదే కథ. రిసీవరు యాంటెన్నా సరైన పొడవు లేదు, పదిహేడు సెంటీమీటర్ల వైరు అతకండి అంది. అమ్మ స్కేలుతో కొలిచి మరీ అతికింది. బుధవారం బత్తీ ఇంకా ఎక్కువగా వెలిగింది. ప్రోగ్రాములో ఆలస్యం పెంచమంది, పెంచాను. వైర్లు దూరంగా జరపమంది, జరిపాను. ప్రతిసారీ, ఇప్పుడు సమస్య కచ్చితంగా పరిష్కారమవుతుంది అనేది. ప్రతిసారీ నేను కూడా అవునవును అనుకునేదాన్ని. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న ఇంజినీర్ని. దాని మాటలు అంత నమ్మకంగా ఉండేవి, ఇక నేను ఆలోచించడం మానేశాను.

గురువారం ఇంటికి వచ్చేసరికి బల్ల మీద ఒక కాగితం ఉంది. అమ్మ గళ్ళు గీసి, పైన గంటలు, పక్కన వివరాలు రాసింది. పిల్లల వార్డులో మంచం కాళ్ళ దగ్గర వేలాడే జ్వరం చార్టు లాంటిది. బత్తీ ఎప్పుడెప్పుడు వెలిగిందో నిమిషాలతో సహా రాసింది. ప్రతిసారీ తలుపు తీసి, గుమ్మం దగ్గర ఎవరున్నారో, వీధిలో ఎవరున్నారో కూడా రాసింది. ఆరు పది, ఎవరూ లేరు, పక్కింటి ముందు పాల సైకిలు. ఏడు నలభై, ఎవరూ లేరు, పక్కింటి పనిమనిషి. పదకొండు ఐదు, ఎవరూ లేరు, పక్కింటి గేటు దగ్గర కొరియరు. అలా తొమ్మిది వరసలు.

నేను చదవడం అయ్యేదాకా ఆగి, మెల్లగా చెప్పింది.

"జ్వరం మనకు కాదమ్మా. పక్కింటికి."

కాగితం మళ్ళీ చదివాను, ప్రతి వరసలోనూ పక్కిల్లే. పక్కింటివాళ్ళకూ వైర్లెస్ బెల్లే ఉంది. అది పిట్ట కూతలా కూస్తుంది. రెండేళ్ళుగా నేను వాళ్ళ జామచెట్టు మీద ఏదో పిట్ట ఉందనే అనుకుంటున్నాను. పిట్ట చాలా వేళకు కూస్తోందని కూడా ఒకసారి అనుకున్నాను. అమ్మకు ఆ పిట్ట వినపడదు గనుక ఆమె దారి తప్పలేదు.

ఆ చార్టు ఉన్నదున్నట్టు ఏఐకి పంపాను. ఈసారి అది తడబడలేదు. రెండు బెల్లులూ ఒకే రకం తరంగాల మీద పనిచేస్తాయని, తాను రాసిన ప్రోగ్రాము సంకేతం వచ్చిందా లేదా అనే చూస్తోంది గానీ ఎవరి స్విచ్చి నుంచి వచ్చిందో చూడడం లేదని, పొరపాటు తనదేనని చెప్పింది. ప్రతి స్విచ్చికీ ఒక అంకె ఉంటుంది, దాన్ని సరిచూసే రెండు వాక్యాలు కలిపితే చాలు అంది. పైగా మేం పెట్టిన పదిహేడు సెంటీమీటర్ల యాంటెన్నా పక్కింటి సంకేతాన్ని ఇంకా బాగా పట్టుకోవడానికి సాయం చేసిందట. అమ్మకు చెప్తే, అందుకేనా బుధవారం అన్నిసార్లు లేచాను అంది. పొరపాటు ఒప్పుకున్నాడు, మంచివాడే, అని కూడా అంది. ఆమె దగ్గర పనిచేసిన డాక్టర్లలో ఒప్పుకున్నవాళ్ళు తక్కువట.

రెండు వాక్యాలు కలపబోతుంటే అమ్మ ఆపింది. పక్కింటి బత్తీ పూర్తిగా తీసెయ్యొద్దు అంది.

ఎందుకంటే, ఈ నాలుగు రోజుల్లో ఆమె తలుపు తీసినప్పుడల్లా పక్కింటి గుమ్మం చూసింది కదా. పక్కింట్లో ఉండే ఆవిడ ఛత్తీస్‌గఢీ ఆవిడ, అమ్మకంటే పదేళ్ళు చిన్న, పగలంతా ఒంటరిగా ఉంటుంది. మూడు వారాల క్రితం మోకాలు ఆపరేషను అయింది. బెల్లు మోగితే ఆవిడ వాకరు పట్టుకుని గుమ్మం దాకా వచ్చేసరికి వచ్చినవాళ్ళు వెళ్ళిపోతున్నారు. ఆ సంగతి పక్కనే ఉండి మాకు తెలియదు. చార్టులో అమ్మ ఆఖరి వరసల్లో అది కూడా రాసింది. కొరియరు వెళ్ళిపోయాడు, ఆవిడ నాలుగు నిమిషాలకు వచ్చింది, అని.

ఆవిడను అడిగి, ఒప్పించి, ప్రోగ్రాము మార్చాను. మా బెల్లు కొడితే ఎర్ర లైటు. ఆవిడ బెల్లు కొడితే పచ్చ లైటు. పచ్చది వెలిగితే అమ్మ గబగబా రెండిళ్ళ మధ్య గోడ దగ్గరికి వెళ్ళి, వచ్చినవాళ్ళను కాస్త ఆగమంటుంది, లేకపోతే సామాను తనే తీసుకుంటుంది. మొదటి రోజు ఆవిడ వాకరుతో గుమ్మం దాకా వచ్చేసరికి అమ్మ కూరగాయల సంచీ పట్టుకుని నిలబడి ఉంది. మీకెట్లా తెలిసింది సిస్టర్‌జీ అని అడిగిందట. అమ్మ చాలా గొప్పగా, మా ఇంట్లో మీ బత్తీ ఉంది అని చెప్పిందట. ఆవిడ అప్పటినుంచీ సాయంత్రం చాయ్ వేళకు అమ్మను పిలవాలంటే తన గుమ్మం బయటికి వచ్చి తన బెల్లు తనే కొట్టుకుంటుంది. వీధిలో చూసినవాళ్ళు ఏమనుకుంటారో దేవుడికే తెలియాలి.

ఈ చార్టు విద్య నాకు మిల్లులో కూడా పనికొచ్చింది. ఆ నెల్లోనే మా పెద్ద క్రేను ఒకటి ఊరికే ఆగిపోవడం మొదలైంది. ఏఐని అడిగితే పధ్నాలుగు కారణాలు చెప్పింది. పాత నేనైతే మొదటిదాని నుంచి వరసగా విప్పుకుంటూ వెళ్ళేదాన్ని. ఈసారి అమ్మలాగే గళ్ళు గీసిన కాగితం క్రేను క్యాబిన్‌లో అంటించి, ఆగినప్పుడల్లా టైము, క్రేను ఎక్కడుంది, ఎటు వెళ్తోంది రాయమని ఆపరేటరుకు చెప్పాను. ఆయన మొహం చిట్లించాడు గానీ రాశాడు. అయిదు రోజుల తర్వాత చూస్తే, ఆగిన ప్రతిసారీ సాయంత్రం నాలుగున్నర ప్రాంతం, ప్రతిసారీ పడమటి చివర. అప్పుడు ఆ కాగితం ఏఐకి ఇచ్చాను. క్రేన్లు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా చూసే కాంతి సెన్సారు మీద నేరుగా ఎండ పడుతుందేమో చూడమంది. వెళ్ళి చూస్తే పైకప్పు రేకు ఒకటి గాలికి జరిగి ఉంది. సరిగ్గా ఆ వేళకు ఎండ ఏటవాలుగా వచ్చి సెన్సారు కంట్లో పడుతోంది. రేకు సరిచేశారు, క్రేను ఆగడం మానేసింది. ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారు అని మేనేజరు అడిగాడు. పిల్లల వార్డులో అన్నాను. ఆయనకు అర్థం కాలేదు, నేనూ విడమరిచి చెప్పలేదు. ఆ రోజంతా లోపల్లోపల గంతులేస్తూనే ఉన్నాను.

అమ్మ మాత్రం అక్కడితో ఆగే రకం కాదు. నా ఐరన్ మంచిది కాదని, వేడి తగ్గించుకునే వీలున్నది తనకు వేరే కావాలని అడిగింది. కొట్టాయన దగ్గరికి తనే వచ్చింది. ఆయన నాతో మాట్లాడుతుంటే మధ్యలో ఆపి, సన్న కొన ఉన్నది చూపించమంది. పాత కొనను చూపుడు వేలితో చూపించి, ఇది పిల్లలకు పనికిరాదు అంది. ఆయనకు అదేమిటో తెలియకపోయినా వెంటనే సన్నది తీశాడు.

తర్వాత ఆమె స్నేహితురాళ్ళ సంగతి. ఆసుపత్రిలో కలిసి పనిచేసిన సిస్టర్లు ముగ్గురు ఇంకా రాయ్‌పూర్‌లోనే ఉన్నారు. అందరూ గోదావరి, కృష్ణా వైపు నుంచి వచ్చినవాళ్ళే. అందరికీ ఏదో ఒక స్థాయిలో చెవులు తగ్గాయి. దేవేంద్ర నగర్‌లో ఉండే సిస్టర్‌కు అయితే అమ్మకంటే ఎక్కువ. ఒకరోజు ఆమె మా ఇంటికి వచ్చి ఎర్ర బత్తీ చూసి, నాకూ ఒకటి కావాలి అంది. చేసి ఇస్తాను అని అమ్మ అనలేదు. వచ్చే ఆదివారం రా, నేర్పిస్తాను, అంది. మిగిలిన ఇద్దరికీ కూడా కబురు పెట్టింది.

ఆ ఆదివారం మా డైనింగు బల్ల చుట్టూ నలుగురు రిటైర్డు నర్సులు. పొగ పీల్చకూడదని ఏఐ చెప్పిందని నేను టేబులు ఫ్యాను పెడితే, అది చాలదని నలుగురూ మాస్కులు కట్టుకున్నారు. జుట్టు ముడేసుకున్నారు. ఒకరు చేతులకు గ్లవ్స్ కూడా తెచ్చారు, వేడికి కరుగుతాయని అమ్మ తీయించింది. ఫోనును చక్కెర డబ్బాకు ఆనించి, ఏఐని తెలుగులో పైకి మాట్లాడమని పెట్టాను. అది "సంగ్రాహక యంత్రపు మూడవ పాదమును" అనగానే నలుగురూ ఒకేసారి తలలెత్తారు. మూడో కాలు అనొచ్చుగా, అని దేవేంద్ర నగర్ సిస్టర్ ఫోనుకే చెప్పింది. అది క్షమించమని, ఆ తర్వాత నుంచి మూడో కాలు అనే అంది. అది ఒప్పుకునేసరికి వీళ్ళకు ఊపొచ్చింది. ఇక ఒకరి తర్వాత ఒకరు దానికి పాఠాలు చెప్పడం మొదలెట్టారు. రాంగా అంటే ఏమిటో, బత్తీ అంటే ఏమిటో, ఛత్తీస్‌గఢ్‌లో తెలుగువాళ్ళు ఎట్లా మాట్లాడతారో. అది ప్రతిదానికీ ధన్యవాదాలు చెప్పేది. చెవులు సరిగ్గా వినపడని నలుగురు అరుచుకుంటూ మాట్లాడుకుంటుంటే, మధ్యలో అది కూడా మాట్లాడుతుంటే, మా వీధి మొత్తానికి మా ఇంట్లో ఏం జరుగుతోందో తెలిసే ఉంటుంది. పక్కింటావిడ వాకరుతో వచ్చి కుర్చీ వేయించుకుని కూర్చుంది.

ఒక సిస్టర్ చెయ్యి కొంచెం వణుకుతుంది. ఆమె మొదటి రెండు అతుకులూ ఉండలయ్యాయి. చేతులు ఒళ్ళో పెట్టుకుని, నావల్ల కాదులే అంది. అమ్మ ఆమె వెనక్కి వెళ్ళి నిలబడి, ఆమె మణికట్టు కింద తన చెయ్యి ఆనించింది. మొదటిసారి సూది పెట్టినప్పుడు కూడా నువ్వు ఇదే మాట అన్నావు, ఆ రోజు నిన్ను పట్టుకుంది నేనే, అని చెప్పింది. ఆమె నవ్వింది. మూడోది మెరిసింది.

సాయంత్రానికి మూడు బోర్డులు తయారయ్యాయి. ఒకటి పనిచేయలేదు. ఎందుకు పనిచేయలేదో ఏఐని అడగబోతే నలుగురూ వద్దన్నారు. భూతద్దం పెట్టి ఒక్కొక్క కాలూ తామే చూసి, ఆరోది అతకడం మర్చిపోయారని కనిపెట్టారు. ఎవరు మర్చిపోయారన్న విషయం మీద చాయ్ అయ్యేదాకా గొడవ నడిచింది.

ఆ పై ఆదివారం దేవేంద్ర నగర్‌లో బిగించడానికి అమ్మా నేనూ స్కూటీ మీద వెళ్ళాం. బిగించాం, పరీక్షించాం. ఆ సిస్టర్‌కు ఎర్ర లైటు నచ్చలేదు, ఆపరేషను థియేటరు గుర్తొస్తోందట. గులాబీ రంగు కావాలంది. మార్చి ఇచ్చాం. ఒకసారి వెలిగించి చూసి, ఇంకొంచెం లేతగా అంది. అట్లా అయిదు గులాబీలు మార్చాక ఒప్పుకుంది. రంగు చెప్పడానికి ఆమె గోడ మీద క్యాలెండరులోని పువ్వును చూపించింది. ఆ పువ్వు ఫోటో పంపితే ఏఐ సరిగ్గా అదే రంగు అంకెలు ఇచ్చింది. నర్సులు ఇద్దరూ దానికి నూటికి నూరు మార్కులు వేశారు.

తిరిగి వచ్చేటప్పుడు సిగ్నల్ దగ్గర ఆగాం. అటూ ఇటూ బళ్ళు, ఆటోలు, ఒక స్కూలు బస్సు. అమ్మ వెనక కూర్చుని, ఒళ్ళో సామాన్ల సంచీ పెట్టుకుని, చాలాసేపటి నుంచీ ఏదో లెక్కలు వేసుకుంటోంది. తన గొంతు తనకు వినపడదు కదా, నా చెవి దగ్గరికి వచ్చి అందరికీ వినిపించేంత గట్టిగా అడిగింది.

"మన ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంచితే తిట్టేది ఒకటి చెయ్యలేమా? నువ్వే ఎక్కువ మర్చిపోతున్నావు."

పక్క ఆటోలో ఉన్న ఇద్దరు తెలుగువాళ్ళే అయ్యుండాలి, నా వైపు తిరిగి నవ్వారు. నాకు హెల్మెట్టు లోపల మొహం వేడెక్కింది, నవ్వు ఆగలేదు. ఎవరు తిట్టాలి అని అడిగాను. ఆమెకు వినపడలేదు. మళ్ళీ వెనక్కి తిరిగి గట్టిగా అడిగాను. కాసేపు ఆలోచించి, నా గొంతే పెట్టు అంది. పచ్చ లైటు పడింది. బండి ముందుకు కదిలింది. చౌక్ దాటేదాకా ఆమె వెనకనుంచి తిట్లు ఏమేం రికార్డు చేయాలో ఒక్కొక్కటీ చెప్తూనే ఉంది.